జోల్వా మట్టి ఉప్మా

చదవకముందు కాకరకాయ అన్నోడు, చదివినంక కీకరకాయ అన్నడట. నేను ఏడో తరగతిలనే పుస్తకాలు మూటగట్టి సాంచాల దారి పట్టిన కాబట్టి నాకు ఇయ్యాల్టికీ కాకరకాయ కాకరకాయనే. నా అంతటి నిఖార్సయిన అజ్ఞాని సూరత్ మొత్తం ఎతికినా దొరకడని మా ఇంట్ల నాకొక పేరున్నది. ఆ పేరు ఊరికెనే రాలే. దోశలు పోసే పెంకు మీద మట్టిని వేయించి సంపాదించుకున్న.

అవును, మట్టినే. రవ్వ కాదు, పల్లీలు కాదు. ఆ వేయించుడుతోని ఒక పిల్ల చదువు, ఒక మేడం పరువు, ఒక పక్కింటామె పూజ, మూడూ ఒక్కపారే తపతి నదిల కలిసే కాడికి వచ్చినయి. చెప్త, వినున్రి. నవ్వేటోళ్లు నవ్వున్రి గని, ఆ పండుగ దినాలల్ల నా గుండె మాత్రం సాంచా కంటె ఎక్కువ సప్పుడు చేసిందని జర యాదిల పెట్టుకోన్రి.

మేముండేది డిండోలిల. పనిచేసేది జోల్వాల, సాంచాల మీద. సాంచాలంటే మరమగ్గాలు. మా అక్కవాళ్లుండేది కామ్‌రేజ్‌ల. అక్క బిడ్డ శ్రావణి ఎమ్మెస్సీ చదువుతది. కాలేజీకి మా ఇల్లు దగ్గరని మా దగ్గరనే ఉంటది. మా ఖాందాన్‌ల ఇప్పటిదాకా అందరం దారంతోని బతికినోళ్లమే. పుస్తకంతోని బతికేటట్టు కనిపిస్తున్నది ఈ పిల్లొక్కతే. అందుకే నాకు పాణం. ఆ పాణాన్నే తీసినంత పని చేసిన, అది వేరే సంగతి.

ఒకనాడు ఏం చదువుతున్నవే అని అడిగిన.

"మట్టిల బతికే ఒక్క కణం జీవుల మీద ప్రాజెక్టు మామా" అన్నది.

కొండను తవ్వి ఎలుకను పట్టినోళ్ల గురించి విన్న. ఎలుకను గూడ పట్టకుండ దాని కంటె చిన్నదాని కోసం తవ్వేటోళ్లుంటరని అప్పుడే తెలిసింది. నేను నవ్విన. ఆమె నవ్వలే. కాలేజీకి పండుగ సెలవులిస్తున్నరని మేడం ఒక పాత మైక్రోస్కోపును ఇంటికి తెచ్చుకోనిచ్చిందట. దాని కింద మట్టినీళ్ల చుక్క పెట్టి, శ్రావణి నన్ను చూడుమన్నది. చూసిన. ముందుగాల పెద్ద నల్లటి పొదలు కనిపించినయి. "అబ్బో, అడవి" అన్న. "అవి నీ కనురెప్పల వెంట్రుకలు మామా" అన్నది.

కన్ను సరిచేసుకున్నంక నిజంగనే కనిపించినయి. జీడిపప్పు పలుకు తీరుగ ఉన్నదొకటి గిరగిర తిరుగుకుంట ఉరుకుతున్నది. ఇంకొకటి ఒలికిన గంజి లెక్క మెల్లగ పాకుతున్నది. అది అమీబా అట. మరొకటి ఇసుక రేణువులు అతికించుకొని తన ఇల్లు తానే కట్టుకుని అందుల కూసున్నది. ఇన్నేండ్ల సంది కిరాయి ఇంట్ల ఉంటున్న నాకు దాన్ని చూస్తే సిగ్గయింది.

"దీనికి ఒక్కటే కణమా? మరి నాకెన్ని?"

"కోట్ల కోట్లు మామా."

"గట్లనా. మరి సూడు, ఎవడు గొప్పోడో" అని మీసం దువ్వుకున్న. ఆ మీసం సంగతి ఆఖర్ల చెప్త.

ప్రాజెక్టు కోసం మట్టి కావాలంటే నేనే బండి మీద జోల్వా వైపు తిప్పిన. చెరుకు తోటల కొంత, రంగుల కార్ఖానా కాలువ ఒడ్డున కొంత, బర్రెలు మేసే బీడుల కొంత, తుమ్మచెట్టు కింద కొంత. నాలుగు చోట్ల మట్టిని శ్రావణి వేరే వేరే పేపర్ల మీద ఆరబోసి, నాలుగు కాగితపు సంచులల్ల పోసి, పేర్లు రాసి, అటక మీద పెట్టింది. ఏ చోట ఎన్ని రకాల జీవులున్నయో చూసి చెప్పాలె. ఈ పని సక్కగొస్తే తన దగ్గర్నే పరిశోధనకు తీసుకుంటనని మేడం మాటిచ్చింది. ఆ మాట మీద మా అక్క కామ్‌రేజ్ మొత్తం స్వీట్లు పంచే ఆలోచనల ఉన్నది.

బతుకమ్మకు తల్లిగారింటికి పోయేముందు శ్రావణి నన్ను కూసోబెట్టి మరీ చెప్పింది. మట్టి ఎండితే అందుల జీవులన్ని తమ చుట్టు తామే గట్టి గుల్ల కట్టుకుని పడుకుంటయట. నెలలైనా, ఏండ్లైనా లేవయట. నీళ్లు తగిలితేనే గుల్ల పగలగొట్టుకుని బయటికొస్తయట.

"తిండి అక్కర లేదా?"

"లేదు."

"పని?"

"లేదు."

"మా పెద్దబాపు లెక్కనే ఉన్నది" అన్న.

"మామా, నవ్వులాట కాదు. సంచులకు తడి తగలొద్దు, బస్. పొడిగుంటేనే పడుకుంటయి. నేనొచ్చి లెక్కప్రకారం నీళ్లు పోసి లేపాలె."

తడి తగలొద్దన్నది. వేడి తగలొద్దని అనలే. నాయమా కాదా మీరే చెప్పున్రి. ఆమె తప్పు గూడ కాదనుకోన్రి. మట్టిని పొయ్యి మీద పెట్టొద్దని చెప్పాల్సి వస్తదని తెలివిగలోళ్లకు ఎట్ల తోస్తది?

ఇగ మా పక్కింటి హంసాబెన్ గురించి చెప్పాలె. గుజరాతీ ఆమె. మంచి మనిషి. మా ఇంట్ల కూర మాడితే మాకన్న ముందు ఆమెకే తెలుస్తది. నవరాత్రుల మొదటి నాడు కుండల మట్టి పోసి గోధుమలు చల్లి, మాతాజీ ముందట పెట్టి మొలకెత్తిస్తరు వాళ్లు. ఆ మొలకలను జవారా అంటరు. అవెంత పచ్చగ వస్తే ఇంటికి అంత మంచిదట. దానికి పొలం మట్టే కావాలె. డిండోలిల మట్టెక్కడిది, అంతా సిమెంటే. "రాజేశ్‌భాయ్, నువ్వు జోల్వా దిక్కు పోతవు గదా, జర శుభ్రమైన మట్టి తెచ్చిపెట్టవా" అని పండుగకు ముందే అడిగింది. నేను ఛాతీ మీద చెయ్యేసుకుని తెస్తనన్న. చెయ్యి తీసిన, మర్చిపోయిన.

నవరాత్రి మొదటి నాడు పొద్దుగాల తలుపు సప్పుడైంది. హంసాబెన్. తలస్నానం చేసి, పట్టుచీర కట్టి, చేతిల కొత్త కుండ పట్టుకొని దేవతలెక్క నిలబడ్డది. "మట్టి?" అన్నది.

నా పెండ్లాం పద్మ ఇంట్ల లేదు, తంగేడు పూలెక్కడన్న దొరుకుతయేమోనని బజారుకు పోయింది. అమ్మవారి కుండ పట్టుకుని నిలబడ్డ ఆడమనిషికి మర్చిపోయిన అని చెప్పే దమ్ము నాకు లేదు. ముహూర్తం దాటిపోతున్నదని ఆమె తొందరపడుతున్నది. నా కండ్లు ఇల్లంత తిరిగినయి. అటక మీద ఆగినయి.

మట్టంటే మట్టే గదా, సాయంత్రం వచ్చేటప్పుడు మళ్ల తెచ్చి పోస్త, ఎవరికెరుక. నాలుగు సంచులు దించిన. కుండ పెద్దది, ఒక సంచితోని నిండలే. రెండోది, మూడోది, నాలుగోది గూడ కుమ్మరించిన. నాలుగు చోట్ల మట్టి కలిస్తే ఇంకా పుణ్యమని పైనుంచి ఉపన్యాసమిచ్చిన. ఆమె ఆ మట్టిని కండ్లకద్దుకొని, నన్ను దీవించి పోయింది. ఆ దీవెన ఎటుపోయిందో ఇప్పటికీ ఎతుకుతున్న.

ఆ దినం జోల్వాల పొద్దంత వాన. పని దిగినంక ఆ నాలుగు చోట్లకు పోవాల్సింది. పోలే. మా కార్ఖానా గోడ ఎనుక నల్లమట్టి బురదై ఉన్నది. నాలుగు అరల టిఫిను డబ్బా కడిగి, అందుల గట్టిగ కుక్కిన. గేటు కాడ వాచ్‌మన్ డబ్బా తెరువుమన్నడు. మా దగ్గర దారం కండెలు ఎత్తుకపోతరని తనిఖీ ఉంటది. తెరిచిన. ఆయన ఆ బురదను చూసిండు, నన్ను చూసిండు.

"ఇదేంది?"

"ప్రసాదం" అన్న.

ఆయన పాపం దండం పెట్టి పంపిండు.

ఇంటికొచ్చినంక అసలు చిక్కు మొదలైంది. మట్టి తడితడిగ ఉన్నది. శ్రావణి పొడిగ ఉండాలెనన్నది. బయట వాన ఆగుతలేదు, ఎండ లేదు. రేపోమాపో పిల్ల దిగుతది. నా చెమటతోనే ఆ మట్టి ఇంకింత తడిసేటట్టున్నది.

అప్పుడు మా అమ్మ యాదికొచ్చింది. ఊర్ల ఆమె బీడీలు చేసేది. వానకాలంల తంబాకు మెత్తబడితే పెంకు మీద వేడి చేసి ఆరబెట్టేది. మా ఇండ్లల్ల తడిసిన ఏ వస్తువైనా ఆఖరికి పెంకెక్కాల్సిందే. తంబాకు ఎక్కింది, అగ్గిపెట్టె ఎక్కింది, ఒకపారి మా నాయిన రేషన్ కార్డు గూడ ఎక్కింది. మట్టి ఎందుకు ఎక్కొద్దు?

తెల్లారి పద్మ గుడికి పోయిన సందు చూసి పొయ్యి ముట్టించిన. పెంకు పెట్టి మట్టి పోసిన. ముందు బుసబుస ఆవిరి. తర్వాత మంచి వాసన, తొలకరి వాన పడ్డట్టు. కలుపుతుంటే చెయ్యి దానంతటదే వంట తీరుగ తిరుగుతున్నది. అడుగంటకుండ చూసుకున్న. కమ్మగ వేగేదాకా దించలే. ఒప్పుకోవాలె గదా, ఒక దశల చెయ్యి ఆవాల డబ్బా దిక్కు పోయింది.

అప్పుడే పద్మ వచ్చింది. తలుపుల్నే ఆగి ముక్కు ఎగబీల్చింది.

"ఏం వండుతున్నవయ్యా?"

"ఏం లేదు."

దగ్గరికొచ్చి పెంకుల చూసింది. చాన సేపు చూసింది. మా పెండ్లయి ఇన్నేండ్లైంది, ఆమె నా దిక్కు అట్ల ఎప్పుడు చూడలే.

"మన్నా?"

"శ్రావణి మన్ను. ఆరబెడుతున్న."

"అటక మీదున్న ఎండిన మన్నుకు ఆరబెట్టుడేంది?"

ఇగ దాచి ఫాయిద లేదని జరిగినదంత చెప్పిన. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టుకొని కూసున్నది. పిల్ల రాంగనే చెప్పెయ్యుమన్నది. నేను అవసరం లేదన్న, మట్టి పొడిగున్నది, సంచులు నాలుగు నిండినయి, ఎవరికి తెలుస్తదన్న. "నీ ఇష్టం. గని ఆ పెంకు మీద ఇగ దోశ పొయ్య" అన్నది.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నరు పెద్దలు. అడుసును వేయించనేల అని మాత్రం ఒక్క పెద్దమనిషి గూడ చెప్పలే. చెప్తే నేను ఇంత దూరం వచ్చేటోన్ని కాదు.

శ్రావణి వచ్చింది. సంచులు దించి, గాజు గిన్నెలల్ల పోసి, లెక్కప్రకారం నీళ్లు పోసింది. పోసేటప్పుడు ముక్కు దగ్గర పెట్టుకున్నది.

"మామా, ఈ మట్టి వేయించిన పల్లీల లెక్క వాసనొస్తున్నదేంది?"

"అటక కింద పొయ్యి గదనే. పోపు వాసన పట్టిందేమో" అన్న. ఎనుక పద్మ దగ్గింది. ఆ దగ్గు మా ఇంట్ల అప్పుడు మొదలైంది, పండుగ అయ్యేదాకా తగ్గలే.

మరునాడు మైక్రోస్కోపుల చూసింది. ఏం లేదు. ఆ మరునాడు చూసింది. జీడిపప్పు లేదు, గంజి లేదు, ఇల్లు కట్టుకున్నోడు లేడు. నాలుగు గిన్నెలల్ల ఒక్క పురుగు కదలలే. ఆమె ముఖంల రంగు పోవుడు మొదలైంది. అన్నం కలుపుకొని కూసునేది, తినకపోయేది. బతుకమ్మ కాడికి రమ్మని పద్మ పిలిస్తే రానన్నది. నీళ్లల్ల తప్పున్నదేమోనని నీళ్లు మార్చింది, గిన్నెల తప్పున్నదేమోనని గిన్నెలు మరగబెట్టి కడిగింది. కన్ను మైక్రోస్కోపుకు అతుక్కుపోయింది. నేను ఆ దినం సాంచా మీద తెగిన పోగులు అతికియ్యలే, బట్ట నిండ సందులే. సేఠ్ ఆ బట్టను ఎలుతురుకు పట్టి చూసి, ఇదేం దోమతెరనా అని అడిగిండు.

పని మీద నుంచి వచ్చి, మెల్లగ పిల్ల పక్కన కూసున్న.

"బిడ్డా, వాటికి ఎండదెబ్బ గిట్ల తగిలిందేమో?"

"ఎండకేం కావు మామా. గుల్లల ఉన్నప్పుడు ఎండా చలీ ఏం చెయ్యవు. ఉడకబెడితేనో, వేయిస్తేనో చస్తయి." ముక్కు తుడుచుకున్నది. "మట్టిని ఎవడు వేయిస్తడు?"

వంటింట్ల పద్మకు దగ్గు ఎక్కువైంది.

మట్టంటే మట్టే అనుకున్న. కాదట. అందుల ఊర్లకు ఊర్లు పడుకొని ఉన్నయట. నేను పొయ్యి ముట్టించి, గరిటె పట్టి, అడుగంటకుండ జాగ్రత్తగ ఆ ఊర్లన్నిటిని కాలబెట్టిన. అప్పుడే చెప్పాల్సింది. నోరు గూడ తెరిచిన. గని ఆ పిల్ల అప్పటికే మేడంకు ఫోను చేస్తున్నది.

ఫోను అయినంక ఆమె కండ్లల్ల నీళ్లున్నయి గని ముఖంల కొత్త ఎలుగున్నది. అది చూసి నాకు ఇంకా భయమైంది. నాలుగు చోట్ల ఒక్కటంటె ఒక్క జీవి లేకపోవుడు మామూలు సంగతి కాదని మేడం అన్నదట. రంగునీళ్లు జోల్వా నేలనే చంపేసినయేమో, తను వచ్చి చూస్తదట, నిజమే అయితే తెల్లారి జరిగే పెద్ద సభల శ్రావణి పేరు పెట్టి మరీ చెప్తదట.

"నా పేరు మామా" అన్నది. "అంతమంది ముందట."

చూసిన్రా ఎక్కడికొచ్చిందో? ఇప్పుడు చెప్తే పిల్ల గుండె పగులుతది. చెప్పకపోతే ఎవడో ఒకడు జోల్వాకు పోయి గుప్పెడు మట్టి తీసి చూస్తడు, జీడిపప్పులు ఈదుకుంట కనిపిస్తయి, మా పిల్ల పేరు మన్నుల కలుస్తది. ఆ చెరుకు తోటల కప్పలు అరుస్తయని నాకెరుక. వాన పడితే వానపాములు రోడ్డెక్కుతయని నాకెరుక. రంగునీళ్లు మంచియని నేననను, అవి ఎన్ని పాపాలు చేసినయో దేవునికెరుక, గని ఈ పాపం మాత్రం వాటిది కాదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నడట ఎనుకటికి ఒకడు. నేలను చంపిందెవరంటే నేను పెంకు తడుముకున్న.

మేడం వచ్చింది. సన్నగ, పొడుగ్గ, మాట తక్కువ. గుజరాతీ ఆమెనే గని మాతోని హిందీల మాట్లాడింది. వచ్చుడు వచ్చుడే మైక్రోస్కోపు కాడ కూసున్నది. ఒక గిన్నె చూసింది, ఇంకోటి చూసింది. శ్రావణి చున్నీ కొసను వేలుకు చుట్టి విప్పుతున్నది. పద్మ చాయ్ పట్టుకొచ్చి, ఆ కప్పు బల్ల మీద పెట్టుకుంట నా కాలు తొక్కింది. చెప్పు అని.

"మేడం" అన్న. "ఒక మాట చెప్పాలె."

ఆమె తలెత్తింది. శ్రావణి గూడ నన్ను చూసింది. నేను నోరు తెరిచిన.

తలుపు సప్పుడైంది. హంసాబెన్.

చేతిల ప్రసాదం పళ్లెం, ముఖం నిండ సంతోషం. అందరికీ దండం పెట్టి ఒక్క ఊపున మొదలుపెట్టింది. ఈసారి జవారా ఎట్ల వచ్చినయో చూడుమన్నది. మూరెడు ఎత్తు లేచినయట, చిలుక రెక్కల లెక్క పచ్చగ ఉన్నయట, వాడకట్టంత వచ్చి చూసిపోతున్నదట.

"అంతా రాజేశ్‌భాయ్ ఇచ్చిన మట్టి మహిమ" అన్నది. "నాలుగు పొలాల మట్టి. నాలుగు సంచులు నా కుండల పోసిండు. అంత పాణమున్న మట్టిని నేనెప్పుడు చూడలే."

నేను నేల దిక్కు చూసిన. సిమెంటు. దాంట్ల దూరే జాగ లేదు.

"ఏ మట్టి మామా?" అన్నది శ్రావణి. మెల్లగనే అన్నది.

ఇగ చెప్పిన. కుండ, వాన, టిఫిను డబ్బా, వాచ్‌మన్, ప్రసాదం, మా అమ్మ తంబాకు. ఒక్కటి విడువలే. ఆవాల డబ్బా సంగతి గూడ చెప్పిన. పద్మ లోపటికి పోయి పెంకు తెచ్చి బల్ల మీద పెట్టింది, పోలీసోళ్లు కత్తి తెచ్చి పెట్టినట్టు.

మేడం ఆ పెంకును చూసింది. "ఎంత సేపు వేయించిన్రు?" అన్నది.

"కమ్మగ వాసనొచ్చేదాకా."

ఆమె పెదవి ఒక దిక్కు కదిలింది గని నవ్వలే. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నది. రేపు అంతమంది ముందట తను దీన్ని చెప్తే ఏమయ్యేదని నన్నడిగింది. తర్వాత శ్రావణి దిక్కు తిరిగింది. నాలుగు గిన్నెలు ఖాళీగ కనిపించినప్పుడు, మీ వాకిట్ల పూలకుండి మట్టినన్న తెచ్చి అదే నీళ్లు పోసి చూడాలెనని ఎందుకు తోచలేదని అడిగింది. బతికిన మట్టి పక్కన లేనిది, సచ్చిన మట్టి సచ్చిందని ఎట్ల నమ్మినవని. "నేనూ నమ్మిన, నాది గూడ తప్పే" అన్నది. ప్రాజెక్టుకు ఇంకొన్ని దినాలు గడువిస్తనని, మొత్తం మొదటి నుంచి చెయ్యుమని చెప్పి లేచింది. పోయేముందు వేయించిన మట్టిని మాత్రం పారెయ్యొద్దన్నది. నీళ్ల నుంచో గాలి నుంచో జీవులు రాలేదని చూపియ్యడానికి చంపిన మట్టి గిన్నె ఒకటి పక్కన పెట్టాల్సిందేనట, అదెట్లాగూ కావాల్సిందేనట.

తప్పించుకున్న అనుకుంటున్నరా? లేదు. శ్రావణి నన్ను తిట్టలే. తిడితే బాగుండు. మామా అని పిలుచుడు బందు పెట్టింది. అన్నం పెట్టుమని అత్తకు చెప్పేది, ఫ్యాను వెయ్యుమని అత్తకు చెప్పేది, నేను ఫ్యాను పక్కనే ఉన్నా గూడ. మనిషి మీద అరిస్తే ఆ మనిషి ఉన్నడన్న లెక్క ఉంటది. నేను ఆ ఇంట్ల గుల్లల ఉన్న పురుగునైపోయిన. తేడా ఒక్కటే, దానికి నిద్ర పడుతది.

సెలవు దినం నాడు బండి తీసి, పలుగు, గరిటె, కాగితపు సంచులు పెట్టుకొని వాకిట్ల నిలబడ్డ. ఆమె వచ్చి ఎనుక కూసున్నది. జోల్వా దాకా మాట లేదు. చెరుకు తోటల తవ్విన, కాలువ ఒడ్డున తవ్విన, బీడుల తవ్విన. ఆమె వేలు చూపిస్తది, నేను తవ్వుత. తుమ్మచెట్టు కింద వంగినప్పుడు కాలుకు ముల్లు దిగి, "అమ్మా" అని కూలబడ్డ.

ఆమె వచ్చి ముల్లు పీకింది. పీకి, ఆ ముల్లును నా ముందట పెట్టి, "దీన్ని గూడ వేయిస్తవా మామా?" అన్నది.

మామా అన్నది. ఇగ ముల్లు నొప్పి ఎవడికి యాదుంటది?

ఆ మట్టిని ఫ్యాను కింద పేపర్ల మీద ఆరబెట్టినం. ఆరినన్ని దినాలు మళ్ల పొయ్యి ముట్టిస్తనేమోనని పద్మ నన్ను వంటింట్లకే రానియ్యలే. జవారా నీళ్లల్ల కలిపే నాడు హంసాబెన్ పూజ ముగించి, మొలకల వేర్లకు అంటిన మట్టి చిటికెడు ప్రసాదమని శ్రావణి చేతిల పెట్టింది. దాన్ని చూస్తే జీడిపప్పులు సంతల జనం తీరుగ తిరుగుతున్నయి. ఇల్లు కట్టుకున్నోడు గూడ కనిపించిండు. హంసాబెన్‌ను పిలిచి చూపిస్తే, ఆమె మైక్రోస్కోపుకు దండం పెట్టి దాని నెత్తి మీద కుంకుమ బొట్టు పెట్టింది. మేడం ఆ బొట్టు గురించి తర్వాత అడిగిందట గని, అది నా తప్పుల లెక్కలకు రాదు.

ఈసారి నాలుగు గిన్నెలల్ల నాలుగు తీర్ల జీవులొచ్చినయి. రంగుల కాలువ మట్టిల తక్కువ, తుమ్మచెట్టు కింద ఎక్కువ. ఐదో గిన్నెల నా వంట, ఏమీ లేకుండ సల్లగ. ఆ ఐదో గిన్నె గురించి పరీక్షకొచ్చిన పెద్దాయన, ఈ మట్టిని చంపే పద్ధతి ఏందని అడిగితే, మా పిల్ల ఏమాత్రం తడబడకుండ, పెంకు మీద సన్నటి మంట అని చెప్పిందట. మేడం కిటికీ దిక్కు తిరిగి నిలబడ్డదట. సీటు మాత్రం ఇచ్చింది.

మా అక్క కామ్‌రేజ్‌ల నిజంగనే స్వీట్లు పంచిన నాడు, అందరం కూసొని తింటున్నప్పుడు నేను లేచి, ఒక చేతిల పెంకు, ఒక చేతిల గరిటె పట్టుకొని పెద్ద మాటలల్ల ప్రమాణం చేసిన. ఈ పెంకు సాక్షిగ, జోల్వా తుమ్మముల్లు సాక్షిగ, నాది కాని మట్టిని ఇగ ముట్టను. ముట్టినా ఆరబెట్టను. ఆరబెట్టినా వేయించను. కర్మగాలి వేయించినా ఆవాల డబ్బా దిక్కు చెయ్యి చాపను. పద్మ గిట్ల దగ్గకుండ ఉంటే ఇంకింత చెప్పేటోన్ని. అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను మీసం దువ్వుకున్న.

శ్రావణి మాత్రం లడ్డు కొరుక్కుంట నా దిక్కు తిరిగింది.

"మామా, ఆ అమీబాకు తలకాయ లేదు, మెదడు లేదు. ఐనా కష్టమొస్తే గుల్ల మూసుకొని సప్పుడు చెయ్యకుండ కూసోవాలెనని దానికెరుక. నీకు దేవుడు గన్ని కోట్ల కణాలిచ్చిండు గదా, అందుల ఒక్కదానికన్న ఆ సంగతి చెప్పకపోయిండు."